పేగుపూతకు ప్రోబయోటిక్ వాడిన 12 వారాలు: నా అనుభవం

ఫిబ్రవరి 4న తిరుపతిలో గ్యాస్ట్రో ఓపీకి వెళ్లేనాటికి రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు విరేచనాలు, అందులో సగం సార్లు నెత్తురు, బంక. అప్పటికే అయిదు వారాలు పోయాయి. చిత్తూరులో మొదట చూపించుకున్న చోట అమీబా అనుకుని మెట్రోనిడజోల్ రెండు కోర్సులు రాశారు. దాంతోపాటు చిన్న ప్లాస్టిక్ సీసాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసి అనే ప్రోబయోటిక్ (పేగుకు మేలు చేసే బతికున్న క్రిముల మందు), రోజుకు రెండు సీసాలు. మన దగ్గర అమీబా ఎక్కువ కాబట్టి ముందు అదే అనుకోవడంలో తప్పు లేదు. మొదటి కోర్సుకు నెత్తురు ఆగనప్పుడు మలపరీక్ష చేయించకుండా రెండో కోర్సు రాయడమే తప్పు. రెండు వారాలు దాటి నెత్తురు పడుతుంటే మూడో మందు మార్చే పని పెట్టుకోవద్దు, నేరుగా గ్యాస్ట్రో దగ్గరికి వెళ్లండి.

చిత్తూరు వాళ్లం సాధారణంగా పెద్ద జబ్బంటే వేలూరు బస్సెక్కుతాం, అదే దగ్గర కూడా. నేను తిరుపతి ఎంచుకున్నది రాత్రి ఉండటానికి మనవాళ్లు ఉన్నారని. ఈ జబ్బుకు ఒకసారి వెళ్లి వస్తే సరిపోదు. ఆరు నెలల్లో ఎనిమిది సార్లు వెళ్లాల్సి వచ్చింది. విరేచనాలు ఉన్న మనిషికి రెండు గంటల బస్సు ప్రయాణం ఎంత భయమో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. ముందురోజు సాయంత్రమే చేరుకుని, తెల్లారి ఏమీ తినకుండా ఓపీకి వెళ్లడం నాకు కుదిరిన పద్ధతి.

ఏడున్నరకు చీటీ రాయించుకుంటే పదకొండుకు పిలిచారు. డాక్టర్ మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి నిద్రలోంచి లేచి వెళ్తున్నారా?" అని. వెళ్తున్నాను, రెండుసార్లు. ఉట్టి అజీర్తి అయితే మనిషిని నిద్రలేపదని, వాపు ఉంటేనే లేపుతుందని ఆమె చెప్పారు. రక్తపరీక్షలు, క్రియాటినిన్, మలంలో అమీబా కోసం, కల్చర్ కోసం, ఇంకా క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ టాక్సిన్ కోసం రాశారు. ఈ చివరిది ఎందుకంటే, యాంటీబయాటిక్ వాడాక ఆ క్రిమి పెరిగి అచ్చం ఇలాంటి విరేచనాలే తెస్తుంది. అది ఉండగా స్టెరాయిడ్ మొదలుపెడితే పరిస్థితి అడ్డం తిరుగుతుంది. హిమోగ్లోబిన్ 10.8 వచ్చింది. అమీబా లేదు, టాక్సిన్ లేదు. ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ 1,140.

కాల్‌ప్రొటెక్టిన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నడిచింది. పేగులో వాపు ఉన్నచోటికి తెల్లకణాలు చేరి వదిలే ప్రోటీన్ అది. ఒక గ్రాము మలంలో ఎన్ని మైక్రోగ్రాములు ఉందో లెక్కిస్తారు. 50 లోపు మామూలు, 250 దాటితే వాపు గట్టిగా ఉన్నట్టు. నేను ఇచ్చిన ల్యాబ్‌లో 2,200 రూపాయలు, శాంపిల్ బయటి ఊరికి పంపుతారు కాబట్టి మూడు రోజులు. నీళ్లు గానీ మూత్రం గానీ కలవకూడదు. మన లెట్రిన్లలో అది అంత తేలిక కాదు. గుంటకు అడ్డంగా పేపరు పరిచి దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి పట్టాను. డబ్బా మూతకున్న చిన్న చెంచాతో శనగగింజంత తీస్తే చాలు, నింపక్కర్లేదు. ప్రతిసారీ ఉదయం మొదటి విరేచనం నుంచే తీశాను. అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో ఇచ్చాను. కిట్ మారితే అంకె మారుతుంది, అప్పుడు పోల్చడానికి ఏమీ మిగలదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పిమాత్రలు వాడిన రోజుల్లో ఇవ్వకండి, అవే అంకెను పెంచేస్తాయి.

కొలనోస్కోపీ (పెద్దపేగును గొట్టంతో లోపల చూసే పరీక్ష) తేదీ ఫిబ్రవరి 13న దొరికింది. మూడు రోజుల ముందు నుంచి సంగటి, ఆకుకూరలు, టమాటా, జామకాయ, నువ్వులు మానేయమన్నారు. గింజలూ తొక్కలూ పేగు గోడకు అతుక్కుని గొట్టానికి అడ్డం పడతాయి. ఐరన్ మాత్ర వారం ముందే ఆపించారు. లేకపోతే మలం నల్లగా అతుక్కుని ఏమీ కనిపించదట. రెండు లీటర్ల పొడి ద్రావణం సగం ముందురోజు రాత్రి, సగం తెల్లవారి నాలుగున్నరకు తాగాలి. ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. చల్లగా చేసుకుని, స్ట్రాతో నాలుక వెనకవైపుకు పీల్చుకుంటే దిగుతుంది. ఆఖరి విరేచనం గంజిలా కాకుండా, పల్చటి పసుపునీళ్లలా వస్తేనే పేగు శుభ్రమైనట్టు. మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లే మనిషి లేకుండా లోపలికి రానివ్వరు. బయాప్సీతో కలిపి 7,400 అయింది.

ఫిబ్రవరి 20న బయాప్సీ వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత, పురీషనాళం నుంచి ఎడమవైపు పేగు వరకు, ఒక మోస్తరు తీవ్రత. క్రోన్స్ (జీర్ణనాళంలో ఎక్కడైనా వాపు తెచ్చే ఇంకో జబ్బు) కాదు, టీబీ కాదు. ఇది పోయే జబ్బు కాదని, అణిగి ఉండే జబ్బని మేడమ్ కూర్చోబెట్టి చెప్పారు. ఆ సాయంత్రం తిండి సయించలేదు. కానీ ఏడు వారాలుగా పేరు లేని భయంతో ఉన్నవాడికి ఒక పేరు దొరికితే ఎక్కడో కొంత ఊరట కూడా ఉంటుంది.

పేగు వాపు తగ్గించే మెసలమైన్ 1.2 గ్రాముల మాత్రలు మూడు, ఉదయం టిఫిన్ తర్వాత ఒకేసారి. నమలకూడదు, విరవకూడదు. పైపూత పేగులోకి వెళ్లాకే కరగాలి. అప్పుడప్పుడు మలంలో ఖాళీ పెంకు కనిపిస్తుంది, మందు అరగలేదని కంగారు పడక్కర్లేదు. దాంతోపాటు రాత్రి పడుకునే ముందు 4 గ్రాముల మెసలమైన్ ఎనిమా, 60 మిల్లీలీటర్ల సీసా. చాలామంది మాత్ర వేసుకుని ఎనిమా వదిలేస్తారు. సిగ్గు, విసుగు, పక్కబట్టల మీద మరకలు, అన్నీ నిజమే. కానీ పూత ఉన్నది చివరి భాగంలో. నోటితో వేసుకున్న మందు అక్కడికి చేరేసరికి కొంచెమే మిగులుతుంది, ఎనిమా నేరుగా అక్కడికే వెళ్తుంది.

మొదటి మూడు రాత్రులు పది నిమిషాలు కూడా నిలవలేదు. నాలుగో రోజు ఫోన్ చేస్తే నర్సమ్మ చెప్పిన కిటుకులు పనిచేశాయి. ముందు లెట్రిన్‌కు వెళ్లి రావాలి. సీసాను గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచాలి, చల్లటి ద్రవం తగిలితే పేగు వెంటనే తన్నేస్తుంది. బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుని ఉంటుంది. ఎడమవైపు తిరిగి పడుకుని కుడి మోకాలు పొట్టకు మడిచి, సీసా ముక్కుకు కాస్త నీటి జెల్లీ రాసి (కొబ్బరినూనె కాదు), నెమ్మదిగా ఒక నిమిషం పట్టేలా నొక్కాలి. మొదటి వారం సగం సీసాతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు. రెండో వారం నుంచి తెల్లవార్లూ నిలిచింది. మెసలమైన్ కొందరికి పడదు. మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చి విరేచనాలు ఇంకా ఎక్కువైతే జబ్బు ముదిరిందనుకోకండి, మందే కారణం కావచ్చు, వెంటనే చెప్పాలి. కిడ్నీ పరీక్ష కూడా మధ్యమధ్య చేయించాలి.

మార్చి 17న ఇచ్చిన శాంపిల్‌లో కాల్‌ప్రొటెక్టిన్ 386. విరేచనాలు రోజుకు మూడు నాలుగు, నెత్తురు వారంలో రెండు మూడు రోజులు చారలా. సగం దారి వచ్చాను గానీ ఒడ్డు చేరలేదు. మార్చి 20న మేడమ్ ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి, ఇప్పుడే స్టెరాయిడ్ కోర్సు. రెండు, మాత్రలూ ఎనిమా అలాగే నడుపుతూ ఇంకొన్ని వారాలు చూడటం. ఆ రెండోదానికి తోడుగా ప్రోబయోటిక్ వేసుకోవచ్చా అని నేనే అడిగాను.

ఆమె కాదనలేదు, ఆశా పెట్టలేదు. లూధియానాలోని డాక్టర్లు 147 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల మీద చేసిన పరీక్ష 2009లో అచ్చయింది. ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన వీఎస్ఎల్ 3 అనే పొడిని, 3.6 లక్షల కోట్ల మోతాదులో 12 వారాలు ఇచ్చారు. 12 వారాలకు జబ్బు అణిగినవాళ్లు పొడి వాడినవారిలో 42.9 శాతం, ఉత్తుత్తి పొడి వాడినవారిలో 15.7 శాతం. మరోవైపు 2020లో అమెరికా గ్యాస్ట్రో సంఘం, అల్సరేటివ్ కొలైటిస్‌కైనా క్రోన్స్‌కైనా ప్రోబయోటిక్‌లను పరిశోధనల్లో తప్ప మామూలుగా వాడమని చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో సంచి కుట్టించుకున్నవారికి ఆ సంచిలో వచ్చే వాపుకు మాత్రం ఎనిమిది రకాల మిశ్రమం వాడవచ్చంది. క్రోన్స్ ఉన్నవాళ్లు ఈ డబ్బు ఖర్చు పెట్టవద్దని మేడమ్ గట్టిగానే అన్నారు. వాళ్లలో మేలు చేసినట్టు రుజువు లేదు.

ఆ 15.7 శాతం నేను రాసిపెట్టుకున్నాను. ఏమీ లేని పొడి తాగినా దాదాపు ఆరుగురిలో ఒకరికి అణిగింది. కాబట్టి నాకు తగ్గినా అది పొడి వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. చెప్పగలిగినంత గట్టిగా చెప్పడానికి ఒకటే మార్గం, మిగతావేవీ కదిలించకుండా ఉండటం. మాత్రల మోతాదు అదే, ఎనిమా అదే, తిండి దాదాపు అదే, కొత్తది పొడి ఒక్కటే. మేడమ్ షరతులు: మెసలమైన్ ఒక్కరోజు కూడా ఆపకూడదు. 6 వారాలకు కాల్‌ప్రొటెక్టిన్ చూస్తాం, పెరిగితే ఆపేసి స్టెరాయిడ్. జ్వరం వస్తే వెంటనే ఆపి రావాలి. రోజుకు ఆరు, అంతకు మించి నెత్తుటి విరేచనాలు పడుతూ, నాడి 90 దాటినా జ్వరం 37.8 డిగ్రీలు దాటినా అది ఆసుపత్రిలో చేరాల్సిన స్థితి, పొడులతో ఇంట్లో కూర్చునే స్థితి కాదు.

ఇక పొడి కొనడం. ఇది ఇంత కష్టమని ఊహించలేదు.

మొదటి షాపులో చీటీ చూసి, "అదే ఇదన్నా" అని ఒక క్యాప్సూల్ పట్టా ఇచ్చారు. అందులో మూడు రకాలు, మొత్తం 250 కోట్లు. రెండో షాపులో సరైన పొడే ఉంది గానీ కౌంటర్ వెనక అరలోంచి తీశారు, ఫ్రిజ్‌లోంచి కాదు. పెట్టె మీద 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని రాసే ఉంది. మూడో షాపతను ఫ్రిజ్ లేకపోతే ఇవి అమ్మకూడదని తానే చెప్పి, ఆర్డర్ పెట్టి మూడు రోజుల్లో ఐస్ పెట్టెలో తెప్పించాడు. ధర ఒక్కో ప్యాకెట్‌కు 95 పడింది.

లెక్కలు మనవాళ్లను బాగా తికమక పెడతాయి, అందుకే కోట్లలో చెబుతాను. నేను మొదట వాడిన ఆ చిన్న సీసాలో 200 కోట్ల బాసిల్లస్ బీజాలు. ఈ పొడి ప్యాకెట్‌లో 45,000 కోట్లు. అలాగని 225 సీసాలు తాగితే ఒక ప్యాకెట్‌తో సమానం కాదు, క్రిములే వేరు. ఈ మిశ్రమంలో నాలుగు లాక్టోబాసిల్లస్, మూడు బిఫిడోబాక్టీరియం, ఒక స్ట్రెప్టోకాకస్ ఉంటాయి. సీసాలోని బీజాలు వేడికి తట్టుకుంటాయి, ఫ్రిజ్ అక్కర్లేదు. ఇవి అలా కాదు. యాంటీబయాటిక్ విరేచనాలకు రాసే సాక్రోమైసిస్ బౌలార్డి ఇంకొకటి, అది ఈస్ట్. పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టిన రోగులకు అది రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది, వాళ్లు దాని జోలికి పోకూడదు. అజాథయోప్రిన్, బయోలాజిక్స్ వంటి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవాళ్లు ఏ ప్రోబయోటిక్ అయినా డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

పెట్టె కొనేటప్పుడు ప్రజాతి పేరు (లాక్టోబాసిల్లస్ లాంటిది) దగ్గరే ఆగకుండా, జాతి, అందులోని రకం (స్ట్రెయిన్) నంబరు వరకు ఉందో లేదో చూడాలి. సంఖ్య తయారైన రోజుదా, గడువు తీరేనాటిదా చూడాలి. 2011లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ శాఖ కలిసి ఆహారంలో వాడే ప్రోబయోటిక్‌లకు ఇచ్చిన మార్గదర్శకాలు గడువు చివర కనీసం ఎన్ని బతికి ఉంటాయో లేబుల్ మీద ఉండాలంటాయి. మందుల షాపులో తీసుకునేదానికైనా నేను అదే కొలత పెట్టుకున్నాను. పేరు కూడా నమ్మలేం. 2016 నుంచి అమెరికాలో వీఎస్ఎల్ 3 పేరుతో అమ్మేది, పాత పరీక్షల్లో వాడిన మిశ్రమం ఒకటి కావు. పాత మిశ్రమం అక్కడ వేరే పేరుతో వస్తోంది. బయటి దేశం నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

లూధియానా మోతాదు రావాలంటే నా ప్యాకెట్లు ఎనిమిది కావాలి. రోజుకు 760 రూపాయలు. అది మావల్ల కాదు. ఉదయం రెండు, రాత్రి రెండు తీసుకుందామని, అది సగమేనని తెలిసే మేడమూ నేనూ ఒప్పుకున్నాం. మార్చి 26 ఉదయం మొదలు. మొదటి వారం పూటకు ఒక్కటే.

కలుపుకునే తీరు: అర గ్లాసు చల్లటి నీళ్లలో ముందు ప్యాకెట్ పొడి వేసి, చెంచాతో తిప్పి, వెంటనే తాగాలి. కుండనీళ్లయినా సరే. వేడి పాలు, కాఫీ, కాచిన గంజి, ఇవి పనికిరావు, సగం చచ్చిపోతాయి. రాత్రిపూట నేను చల్లారిన పెరుగన్నంలో కలుపుకున్నాను, రుచి తెలియదు. ప్యాకెట్‌ను తడిచేత్తో చించకూడదు. లోపలికి ఒక్క చుక్క తేమ వెళ్లినా ఉండ కడుతుంది.

మూడో రోజు నుంచి కడుపు ఉబ్బరం మొదలైంది. బెలూన్ ఊదినట్టు, పొట్టలో గుడగుడ, మాటిమాటికీ గ్యాస్. నెత్తురు పెరగలేదు, జ్వరం లేదు కాబట్టి ఆపలేదు. పదో రోజుకు తగ్గింది. ఈ వారంలోనే చాలామంది "ఇది నాకు పడలేదు" అని మానేస్తారట. మోతాదు మెట్లుగా పెంచితే తట్టుకోవచ్చు. నాకు పూటకు రెండు చేశాక మళ్లీ నాలుగు రోజులు అలాగే అయి సర్దుకుంది.

అసలు పోరాటం ఎండతో. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి నుంచి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లు బస్సులో ఈ ప్యాకెట్లు తేవాలి. గది ఉష్ణోగ్రతలో కొద్దిరోజులు తట్టుకుంటాయని రాసి ఉంటుంది. అయితే వాళ్లు చెప్పే గది 25 డిగ్రీల గది, వేసవిలో మన గది కాదు. ఏప్రిల్ 18న ఐస్‌ముక్కలు వేసిన ప్లాస్టిక్ కవర్లో 20 ప్యాకెట్లు తెచ్చాను. పాకాల దాటేసరికి ఐస్ కరిగి పెట్టె నానింది. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు అయిదు గంటలు కరెంటు లేదు. విప్పి చూస్తే నాలుగింటిలో పొడి గట్టిపడి ఉంది. మిగతావి బాగున్నట్టే కనిపించాయి గానీ బతికున్నాయో లేదో కంటికి తెలియదు. 1,900 రూపాయల సరుకు మొత్తం పారేశాను. పారేస్తుంటే కడుపు తరుక్కుపోయింది. వాడి ఉంటే మాత్రం 6 వారాల పరీక్షకు అర్థమే ఉండేది కాదు.

తర్వాత పద్ధతి మార్చాను. ఐస్ వద్దు, గడ్డకట్టించే జెల్ దిమ్మలు రెండు. వెడల్పు మూతి ఫ్లాస్కులో దిమ్మను పాత తువ్వాలులో చుట్టి, ప్యాకెట్లను మూతబిగించే స్టీలు డబ్బాలో వేసి దానిమీద పెట్టాను. దిమ్మ నేరుగా ప్యాకెట్‌కు తగలకూడదు, చెమ్మ పడుతుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొన్నాను. ఫ్రిజ్‌లో తలుపు అరలో పెట్టలేదు, తీసిన ప్రతిసారీ అక్కడ వేడెక్కుతుంది. మధ్య అరలో లోపలికి పెట్టి, పక్కన నీళ్లు నింపిన రెండు సీసాలు ఉంచాను. కరెంటు పోయినా ఆ చల్లటి నీళ్లు కొన్ని గంటలు కాపాడతాయి. కరెంటు లేనప్పుడు ఫ్రిజ్ తలుపు తీయవద్దని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను.

ఇంటికి వచ్చినవాళ్లంతా అడిగిన ప్రశ్న ఒకటే. "ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఉండగా ఈ పొడులెందుకు?" పెరుగు మంచి తిండి, నేను రోజూ తిన్నాను. కానీ ఇంటి పెరుగులో ఏ క్రిమి ఎంత ఉందో ఇవాళ్టికి రేపటికి పొంతన ఉండదు. తోడు మారితే మారుతుంది, ఎండ ముదిరితే మారుతుంది. పరీక్షల్లో పనిచేసినవి పేరు, లెక్క తెలిసిన క్రిములు. చద్దన్నం నీళ్లకూ ఇదే సమాధానం. పడితే తాగండి, దాన్ని మందనుకుని మాత్ర మానకండి.

తిండి విషయంలో నాకు బాగా పనికొచ్చింది మెత్తటి అన్నం, ఇడ్లీ, సొరకాయ, బీరకాయ తొక్కు తీసి, గుడ్డు. సంగటి, ఊరిబిండి లేకుండా మూడు నెలలు గడపడం చిత్తూరు మనిషికి చిన్న విషయం కాదు. రాగి చెడ్డదని కాదు. పూత పచ్చిగా ఉన్నప్పుడు దాని పీచు ఉబ్బరాన్ని రెట్టింపు చేస్తుంది, అప్పుడు ఆ ఉబ్బరం పొడిదా సంగటిదా తెలియదు. మే నెలలో గంగజాతరకు వీధివీధిలో అంబలి పోస్తున్నప్పుడు చెంబు చేతికిచ్చిన పెద్దమ్మకు వద్దని చెప్పలేక కళ్లకద్దుకుని పక్కవాళ్లకిచ్చాను. వాళ్లకు జబ్బు వివరించే ఓపిక ఆ రోజు లేదు.

మే 7న శాంపిల్, 10న ఫలితం, 262. తగ్గింది గానీ గొప్పగా కాదు. విరేచనాలు రెండు మూడు, నెత్తురు పది రోజుల్లో ఒకసారి. రాత్రి లేవడం పూర్తిగా ఆగింది. నాకు మాత్రం అంకెకంటే అదే పెద్ద మార్పు. మేడమ్ కొనసాగించమన్నారు.

ఏడో వారంలో పంటి నొప్పి. దంత వైద్యుడు అమాక్సిసిలిన్, డైక్లోఫెనాక్ రాశారు. జబ్బు పేరు చెప్పగానే డైక్లోఫెనాక్ కొట్టేసి పారాసెటమాల్ ఇచ్చారు. అలాంటి నొప్పిమాత్రలు అణిగిన పేగుపూతను మళ్లీ లేపగలవు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, చీటీ రాయకముందే జబ్బు పేరు చెప్పండి. అమాక్సిసిలిన్ తప్పలేదు. యాంటీబయాటిక్ ఈ బ్యాక్టీరియాను కూడా చంపుతుంది కాబట్టి రెండింటి మధ్య మూడు గంటల ఎడం పాటించాను. అయిదు రోజులు విరేచనాలు కాస్త పల్చబడి మళ్లీ సర్దుకున్నాయి.

జూన్ 18కి 12 వారాలు. అప్పటికి మంచి ప్యాకెట్లు 322 వాడాను, పారేసినవి 20. మొత్తం 32,490 రూపాయలు. కాల్‌ప్రొటెక్టిన్ 118. జూన్ 25న చిన్న గొట్టంతో ఎడమవైపు మాత్రమే చూశారు. మత్తు లేదు, ఉదయం ఒక ఎనిమాతో శుభ్రం చేసి పది నిమిషాల్లో ముగించారు. పుండ్లు మానాయి, పురీషనాళంలో కొద్దిగా ఎరుపు మిగిలింది. హిమోగ్లోబిన్ 12.1. స్టెరాయిడ్ లేకుండా ఇక్కడిదాకా వచ్చినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పొడి పనిచేసిందా మేడమ్?" అని అడిగాను. మెసలమైన్, ఎనిమా 12 వారాలు ఎక్కువ నడిచినా ఇంతవరకు వచ్చి ఉండవచ్చు, పొడి తోడై త్వరగా వచ్చి ఉండవచ్చు అన్నారు. నా లెక్క కూడా అదే. మొదటి నాలుగు వారాల్లో 1,140 నుంచి 386కు తెచ్చింది మాత్రలూ ఎనిమానే, అప్పటికి పొడి లేదు. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు ముందు ఎనిమా సరిగ్గా నిలుపుకోవడం నేర్చుకోండి. పొడి గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు. డబ్బు ఉండి, ఫ్రిజ్ నమ్మకంగా ఉండి, డాక్టర్ ఒప్పుకుంటే 12 వారాలు వాడి అంకె చూడటంలో నష్టం లేదు. ఇలా కొలవకుండా నెలల తరబడి ప్యాకెట్లు కొనడం మాత్రం నాకు సమ్మతం కాదు.

పొడి జూన్ 25న ఆపేశాం. మెసలమైన్ అదే మోతాదు, ఎనిమా వారానికి రెండు. ఆపిన మొదటి రెండు వారాలు లెట్రిన్‌కు వెళ్లిన ప్రతిసారీ గుండె దడ, నెత్తురు కనిపిస్తుందేమోనని. కనిపించలేదు. ఆగస్టు 20న, ఆపిన 8 వారాలకు, శాంపిల్ ఇచ్చాను. 23న ఫలితం 126. జూన్ అంకెకు దగ్గరదగ్గరే, అంత తేడా పరీక్షకూ పరీక్షకూ మధ్య మామూలే అన్నారు.

ఇప్పుడు నా చీటీ వెనక మేడమ్ చేత్తో రాసింది ఇది: నెత్తురు రెండు రోజులు వరుసగా పడితే ఆ రాత్రి నుంచే ఎనిమా రోజూ, కాల్‌ప్రొటెక్టిన్‌కు శాంపిల్, ఫోన్. పొడి సొంతంగా మొదలుపెట్టవద్దు. తర్వాతి పరీక్ష నవంబర్‌లో.